మెషీన్ వదలకుండా మేనేజ్‌మెంట్ చదవొచ్చా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ చేసి ఆరేళ్లుగా ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను, ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జిని. మా మేనేజర్ ఎంబీఏ చెయ్యమంటున్నారు, నాకేమో మెషీన్లంటే ఇష్టం. ఇండస్ట్రియల్ టెక్నాలజీ, బిజినెస్ లీడర్‌షిప్ కలిపి చెప్పే మాస్టర్స్ కోర్సులున్నాయని ఈ మధ్యే తెలిసింది. కానీ రెంటికీ చెడ్డ రేవడినవుతానేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: చేరండి. ఆరేళ్లు షాప్ ఫ్లోర్ మీద నిలబడ్డ మీకు ఈ చదువు బాగా పనికొస్తుంది. డిగ్రీ అవ్వగానే నేరుగా చేరతామనేవాళ్లకైతే ఈ మాట చెప్పను, ఎందుకంటే క్లాసులో చెప్పే వాటిలో సగం, అర్ధరాత్రి బ్రేక్‌డౌన్ చూసినవాళ్లకే బుర్రకెక్కుతాయి.

ఒక లెక్క చెప్తాను. మీ లైన్లో రెండు మెషీన్ల మధ్య 600 పీసులు ఆగి ఉన్నాయి, రోజుకు 60 కదులుతున్నాయి అనుకోండి. ఇవాళ వచ్చి వరసలో చేరిన పీసుకి పది రోజుల తర్వాత గానీ మోక్షం లేదు. దీన్ని లిటిల్స్ లా అంటారు, 1961లో జాన్ లిటిల్ దీనికి రుజువు ఇచ్చారు. మీకు అక్కడ కనిపించేది నెమ్మదిగా నడుస్తున్న మెషీను. అకౌంట్స్ వాళ్లకి కనిపించేది పది రోజులుగా కదలని డబ్బు, ముడిసరుకుకి కట్టేశాం, కస్టమర్ దగ్గర్నుంచి ఇంకా రాలేదు. పీసులు అవే, ఇద్దరూ వాటి గురించే మాట్లాడుతున్నారు, కానీ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. "మెషీన్ పాతబడింది సార్, కొత్తది కావాలి" అంటే ఆ ఫైలు పక్కకి పోతుంది. "ఈ వరస సగానికి తగ్గితే ఇంత సొమ్ము చేతికొస్తుంది, మెషీన్ ఖర్చు ఇన్ని నెలల్లో తిరిగొస్తుంది" అన్నారనుకోండి, అదే మనిషి కూర్చోబెట్టి వింటాడు. మీకు మెషీన్లంటే ఇష్టం కాబట్టే ఈ భాష నేర్చుకోమంటున్నాను.

ఓఈఈ, అంటే మెషీన్‌ని మొత్తం మీద ఎంత బాగా వాడుకున్నామో చెప్పే లెక్క, అదీ అంతే. నడవాల్సిన సమయంలో 90 శాతం నడిచింది, వేగం 90 శాతం, మంచి పీసులు 95 శాతం. మూడు రిపోర్టులూ విడివిడిగా బాగానే ఉంటాయి, గుణిస్తే వచ్చేది సుమారు 77 శాతమే.

ఇక లీడర్‌షిప్. ఇదే చదువు చదివినప్పుడు నేను ఆ పేపర్ని మాటల పేపర్ అనుకుని పక్కన పెట్టాను, ఇప్పటికీ బాధపడతాను. టయోటాలో తేడా కనిపిస్తే పనివాళ్లే లైన్ పక్కన కట్టిన తాడు లాగి లైన్ ఆపించొచ్చు. తాడు ఎవరైనా కట్టగలరు, లాగినవాళ్లని ఎవరూ కసరకుండా చూడటమే అసలు కష్టం. క్వాలిటీ నిపుణుడు డెమింగ్ మేనేజర్లకి చెప్పిన 14 సూత్రాల్లో ఎనిమిదోది ఇదే, పని చేసేచోట భయాన్ని పోగొట్టడం. షిఫ్ట్ ఇన్‌చార్జిగా మీకిది నాకంటే బాగా తెలిసి ఉండాలి, ఆపరేటర్ దాచిన చిన్న తప్పే కదా మర్నాటికి రిజెక్షన్ అయ్యేది.

కోర్సు పేరు చూసి మోసపోకండి. అమెరికాలోని ఎంఐటీలో 1988లో మొదలైన ఇలాంటి ప్రోగ్రామ్ ఒకటుంది, ఇప్పుడు దాన్ని లీడర్స్ ఫర్ గ్లోబల్ ఆపరేషన్స్ అంటున్నారు. రెండేళ్లలో ఎంబీఏతో పాటు ఇంజినీరింగ్ మాస్టర్స్ కూడా ఇస్తారు, అందులో ఆరు నెలలు కంపెనీలోనే పని. అక్కడికే వెళ్లమని కాదు, దాన్ని కొలబద్దగా పెట్టుకోండి. స్టాటిస్టిక్స్, కాస్ట్ అకౌంటింగ్, ఆటోమేషన్, సప్లై చైన్ గట్టిగా చెప్తున్నారా, ప్రాజెక్టు నిజమైన ప్లాంటులో ఉందా, చెప్పేవాళ్లలో ఫ్యాక్టరీ నడిపినవాళ్లు ఎంతమంది అని అడగండి. ప్రాజెక్టు లేకుండా సెమినార్లతో సరిపెట్టే కోర్సైతే వద్దు. ఉద్యోగం చేస్తూ చదివే వీలుంటే ఇంకా మంచిది, మీ లైనే మీ ప్రాజెక్టు అవుతుంది.

మీ మేనేజర్ సలహా తప్పని అనను. ఫైనాన్స్ వైపో మార్కెటింగ్ వైపో పూర్తిగా వెళ్లాలనుంటే ఎంబీఏ. డిజైన్, పరిశోధన ఇష్టమైతే ఎంటెక్. మీ ఉత్తరం చూస్తే మీకు ఆ రెండూ కాదు, ప్లాంటు నడపాలని ఉంది.

అప్లికేషన్ నింపే ముందు ఒక పని చెయ్యండి. మీ లైన్లో మిమ్మల్ని ఎక్కువ విసిగిస్తున్న సమస్య ఒకటి తీసుకుని, ఒకే పేజీలో, ముందు పీసుల్లో, తర్వాత డబ్బులో రాయండి. రెండో సగం దగ్గర పెన్ను ఆగిపోతే, మీరు నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. ఇంటర్వ్యూకి ఆ కాగితమే పట్టుకెళ్లండి.