సిద్ధాంత వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, నీ రాత పద్ధతిని గురించి దానితో జతపరచి పంపిన పుటలూ చదివాను. సురభి నాటక సమాజాలపై సిద్ధాంత వ్యాసానికి పూనుకున్న నాటినుంచి ఏ వేళ రాయగలిగావో, ఏ వేళ కలం సాగలేదో, ఏ వాక్యం దగ్గర ఆగిపోయావో ఇంత శ్రద్ధగా గమనించి రాసుకున్నందుకు సంతోషించాను. నీకున్నది బద్ధకం కాదని ఆ పుటలే సాక్ష్యం చెబుతున్నాయి. సామగ్రి అంతా సేకరించిన తరువాతే రాయడం మొదలుపెట్టాలని నీకు నువ్వే ఒక నియమం విధించుకున్నావు. నన్నడిగితే ముందుగా వదులుకోవలసింది దానినే.

సేకరణకు అంతుండదమ్మా. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తూ కూర్చుంటే ఒక సంచిక మరొక సంచికకు దారి చూపుతుంది. సాయంత్రానికి చాలా పని చేశామన్న తృప్తి కలుగుతుంది గాని అధ్యాయంలో ఒక్క వాక్యమూ చేరదు. మనకు ఏది కావాలో, ఏది అక్కరలేదో రాయడానికి కూర్చున్నప్పుడే తెలుస్తుంది. నీ మొదటి అధ్యాయమే చూడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ప్రదర్శించడంతో ఆరంభించావు. అది నిజమే, చెప్పవలసిందే. కాని సురభిని గురించి రాసేవారిలో చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. నీ పుటల్లో ఒకచోట మాత్రం, స్త్రీ పాత్రలను పురుషులే ధరిస్తున్న రోజుల్లో ఈ కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కగలగడానికి, నాటక సమాజమూ కుటుంబమూ ఒకటే కావడం ఎంతవరకు కారణమని మాటవరసకు అడిగి వదిలేశావు. అడగవలసిన ప్రశ్న అదే. దానిని ఒక కాగితంపై రాసి ఎదురుగా పెట్టుకుని, తోచిన సమాధానాన్ని, అది తప్పయినా సరే, రెండు పుటలు రాసి చూడు. అప్పుడు నీకు కావలసింది ప్రదర్శించిన నాటకాల పూర్తి జాబితా కాదనీ, ఆ ఇళ్లలో ఆడపిల్లలకు పాత్రలు ఎవరు నేర్పారో, పెళ్లయి వచ్చిన కోడళ్లు ఎలా నటులయ్యారో చెప్పే మనుషులనీ తేలుతుంది. ఆ తరువాత హైదరాబాదులో ఆ కుటుంబాలుండే లింగంపల్లి సురభి కాలనీకి వెళితే నువ్వడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

రెండో సంగతి. నాలుగు వాక్యాలు రాసి మూడు కొట్టివేస్తున్నానని బాధపడ్డావు. రాయడమూ దిద్దడమూ ఒకే విడతలో చేయబోవడం వడ్డిస్తూనే విస్తరి ఎత్తేసినట్టుంటుంది. చిత్తుప్రతి రాసేటప్పుడు నిఘంటువు తెరవకు. సంవత్సరం అనుమానంగా ఉంటే పక్కన ఒక గుర్తు పెట్టి ముందుకు సాగిపో. శబ్దరత్నాకరమూ సూర్యరాయాంధ్ర నిఘంటువూ ఇప్పుడు ఫోనులోనే వెతుక్కునే వీలుంది. ఆ సౌకర్యమే ఒక్క మాట కోసం వెళ్లినవారిని అరగంట తిప్పి పంపుతుంది. వాటి అవసరం మరునాడు, దిద్దే వేళ వస్తుంది.

తెల్లవారుజామున లేచి రాస్తేనే రాత కుదురుతుందని సీనియర్లు చెప్పిన మాటను పట్టుకుని నిద్ర పాడుచేసుకోకు. హాస్టల్లో రాత్రి భోజనమైన తరువాతే నీ రాత సాగుతోందని నీ లెక్కే చెబుతోంది కదా! ఆ వేళనే ఖాయం చేసుకో. నడుస్తూ ఫోనుకు చెప్పి టైపు చేయించడం పరిశోధకులకు తగునా అని అడిగావు. నిస్సంకోచంగా చెయ్యి. విరామచిహ్నాలుండవు, సంధులు విరిగిపోతాయి, పేర్లు తారుమారవుతాయి. అయినా ఆలోచన నడిచిన వరుస నీదే అవుతుంది.

దిద్దేటప్పుడు మాత్రం పైకి చదువుకో. ఏటా ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారిని తలచుకుని సభలు జరుపుకుంటాం, మర్నాడు సిద్ధాంత వ్యాసంలో ‘నాటకములు ప్రదర్శింపబడినవి’ అని రాస్తాం. పైకి చదివితే ఆ మాట నాలుకకు అడ్డుపడుతుంది, ఎవరు ప్రదర్శించారని చెవి అడుగుతుంది. నీ విషయంలో ఆ ‘ఎవరు’ అన్నదే అసలు సంగతి కాబట్టి, ‘బడు’ కనిపించిన ప్రతిచోటా ఆగి, చేసినవారి పేరు పెట్టగలవేమో చూడు.

నోట్సు సంగతి నీకు తెలియనిది కాదు. పుట సంఖ్య అప్పటికప్పుడే రాసుకో, ఇతరుల వాక్యాలకూ నీ అభిప్రాయాలకూ వేరువేరు సిరాలు వాడు, నటీమణుల మాటలను వారు పలికిన యాసలోనే దించుకో. టైపింగు విషయంలో ఒక్క హెచ్చరిక చేస్తాను. కొన్ని డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ యూనికోడు కాని ‘అను’ అనే పాత ఫాంట్లలోనే కంపోజు చేస్తారు; దానిని యూనికోడులోకి మార్చినప్పుడు ఒత్తులూ గుణింతాలూ చెదిరి, పూర్తయిందనుకున్న ప్రతిని మళ్లీ మొదటినుంచీ దిద్దవలసి రావచ్చు. మొదటినుంచీ యూనికోడులో నువ్వే టైపు చేసుకుంటే పాత అధ్యాయాల్లో ఒక పేరును వెతకడమూ, అంతటా ఒకేలా సరిచేయడమూ సులువు.

గైడుగారికి శుద్ధప్రతే ఇవ్వు. నాకు మాత్రం, స్త్రీ పాత్రల ప్రశ్నపై రాసే ఆ రెండు పుటలనూ, కొట్టివేతలతో సహా, రాసినవి రాసినట్టే పంపు.

ఇట్లు,
మీ మాస్టారు