ప్రభుత్వాల అప్పుల గురించి చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్లో సీఈసీ. జపాన్ ప్రభుత్వానికి జీడీపీకి రెండింతలు మించిన అప్పు ఉన్నా బండి నడుస్తోంది. దామాషాలో అంతకన్నా చాలా తక్కువ అప్పున్న శ్రీలంక 2022లో చేతులెత్తేసింది. ఎందుకిలా అని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేదు. బడ్జెట్లు, ప్రభుత్వ అప్పుల మీదే కెరీర్ చేసుకోవాలని ఉంది. ఇంట్లో మాత్రం బీఈడీ చేసి టీచర్ పోస్టుకు ప్రిపేర్ అవమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందు మీకు ఎవరూ చెప్పని ఆ జవాబు చూద్దాం. ఈ రంగంలో జీతమిచ్చి చేయించుకునే పని ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడమే.

అప్పు ఎంతుందన్నది ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎవరి దగ్గర తెచ్చారు, ఏ కరెన్సీలో, ఎంత వడ్డీకి, ఎప్పటిలోగా తీర్చాలి, దేనికి ఖర్చు పెట్టారు అన్నవి కూడా చూడాలి. జపాన్ అప్పు యెన్లలో ఉంది. ఆ అప్పు కోసం ప్రభుత్వం అమ్మిన బాండ్లలో, అంటే అప్పు పత్రాల్లో, దాదాపు సగం ఆ దేశ కేంద్ర బ్యాంకు దగ్గరే ఉన్నాయి. మిగిలినవాటిలో పెద్ద భాగం అక్కడి బ్యాంకులు, బీమా సంస్థలు, పెన్షన్ ఫండ్లవి. ఏళ్ల తరబడి వడ్డీ సున్నా దగ్గరే ఉండేది. అయితే 2024 మార్చిలో ఆ కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ జపాన్, నెగటివ్ (సున్నా కన్నా తక్కువ) వడ్డీ రేటు ఎత్తేసింది, ఆ తర్వాత వడ్డీ భారం గురించి అక్కడా చర్చ పెరిగింది. కాబట్టి జపాన్‌కు ఎప్పటికీ ఏమీ కాదనుకోకండి.

శ్రీలంక సంగతి వేరు. దాని అప్పులో పెద్ద భాగం విదేశీ కరెన్సీల్లో ఉంది, అందులో అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన డాలర్ బాండ్లు చాలా ఉన్నాయి. తమ రూపాయలను వాళ్లు ముద్రించుకోగలరు, డాలర్లను సంపాదించాల్సిందే. 2019 చివర్లో వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించారు. ఇతర పన్నులూ కోసేశారు. పన్నుల ఆదాయం జీడీపీలో పది శాతం లోపుకు పడిపోయింది. సరిగ్గా అప్పుడే కోవిడ్ వచ్చి పర్యాటకుల డాలర్లు ఆగిపోయాయి. అప్పు తీర్చగలరా అన్నదానికి ఇచ్చే రేటింగ్ తగ్గింది, కొత్త అప్పు పుట్టలేదు. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించారు. పెట్రోల్ కోసం క్యూల్లో పడిగాపులు, ఆస్పత్రుల్లో మందుల కొరత మీకు గుర్తుండే ఉంటాయి. 2023 మార్చిలో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) సుమారు 300 కోట్ల డాలర్ల ప్యాకేజీకి ఒప్పుకుంది. దాంతోపాటే పన్నులూ కరెంటు చార్జీలూ పెరిగాయి. డాలర్ బాండ్ అంటే ఏమిటో ఎన్నడూ వినని కుటుంబాలు కూడా ఆ భారం మోశాయి. ఈ సబ్జెక్టును శ్రద్ధగా చదివేవాళ్లు మనకు మరింతమంది కావాలని నేను కోరుకునేది ఇందుకే.

సొంత కరెన్సీలో అప్పుంటే చాలా మరి? బ్రిటన్‌ను చూడండి. 2022 సెప్టెంబర్ 23న ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్ భారీ పన్ను కోతలు ప్రకటించారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. బడ్జెట్ ప్రభావాన్ని లెక్కగట్టే స్వతంత్ర సంస్థ, ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ, అంచనాలు లేకుండానే ప్రకటన వచ్చింది. పౌండ్ పడింది, ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ ఎగబాకింది, పెన్షన్ ఫండ్లు ఇరుకున పడ్డాయి. ఐదో రోజుకే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బాండ్లు కొనడానికి దిగాల్సి వచ్చింది. అక్టోబర్ 20న ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటించారు. లెక్కలు వేసేవాళ్ల మాట వినకపోతే ఎంత ఖరీదో దీన్నిబట్టి తెలుస్తుంది. మన దేశంలోనూ అలాంటి స్వతంత్ర మండలి ఉండాలని, ప్రభుత్వ అప్పుల నిబంధనలను సమీక్షించిన ఎన్.కె. సింగ్ కమిటీ 2017లో సూచించింది, ఇంతవరకు ఏర్పాటు కాలేదు.

మన దగ్గర పని తక్కువేమీ లేదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మొత్తం వ్యయం 50.65 లక్షల కోట్లయితే, వడ్డీలకే 12.76 లక్షల కోట్లు కేటాయించారు. అంటే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి. రాష్ట్రాల్లో బడ్జెట్ బయటి అప్పుల గొడవ ఉంది. కార్పొరేషన్ పేరుతో అప్పు తెస్తారు, ప్రభుత్వం గ్యారంటీ ఇస్తుంది. రాష్ట్రమే తీర్చే ఇలాంటి అప్పులను రాష్ట్రాల రుణ పరిమితిలో కలుపుతామని కేంద్రం 2022లో చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం మీద అరుపులు ఎక్కువ, ఓపిగ్గా లెక్క చూసేవాళ్లు తక్కువ. చూడాలనుకునేవారికి ప్రభుత్వాల ఖాతాలను తనిఖీ చేసే కాగ్ నివేదికలు ఉచితంగానే దొరుకుతాయి.

ఇక ఉద్యోగాలు. ఎకనామిస్టుగా పనిచేయాలంటే పీజీ తప్పదు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్, ఆర్‌బీఐ గ్రేడ్-బిలో పరిశోధన విభాగం (డీఈపీఆర్) రెండూ ఎకనామిక్స్ లేదా దానికి దగ్గరి సబ్జెక్టుల్లో పీజీ అడుగుతాయి. ఖాళీలు చాలా తక్కువ, వీటి మీదే జీవితం పెట్టుకోవద్దు. క్రిసిల్, ఇక్రా లాంటి రేటింగ్ సంస్థలు, బ్యాంకుల రీసెర్చ్ విభాగాలు, ఢిల్లీలోని ఎన్ఐపీఎఫ్‌పీ, పీఆర్ఎస్ లాంటి పరిశోధన సంస్థలు కూడా ఉన్నాయి. పీజీ లేకుండా వెళ్లగలిగే దారి ఆడిట్. ఎస్ఎస్‌సీ సీజీఎల్ ద్వారా కాగ్ కార్యాలయాల్లో అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్, ఆడిటర్ పోస్టులు, గ్రూప్స్ ద్వారా ట్రెజరీ, ఆడిట్ శాఖల పోస్టులు ఉంటాయి. సివిల్స్‌లో ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీస్ సరేసరి. చాలామంది దీన్ని రెండో రకం ఉద్యోగంగా చూస్తారు, నేను అలా అనుకోను. ప్రభుత్వం డబ్బు నిజంగా ఎక్కడికి పోయిందో మొదట తెలిసేది ఆడిటర్‌కే.

మీకు అసలైన అడ్డంకి మ్యాథ్స్. ఈ మాట మెత్తగా చెబితే మీకు నష్టం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ లాంటి చోట్ల ఎంట్రన్స్‌లోనూ తర్వాత క్లాసులోనూ కాలిక్యులస్, మ్యాట్రిసెస్, ప్రాబబిలిటీ లేకుండా నడవదు. కొన్ని సంస్థలు ఇంటర్లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ చదివి ఉండాలంటాయి, నోటిఫికేషన్లు ఇప్పుడే చూసుకోండి. కోచింగ్ కన్నా ముందు తెలుగు అకాడమీ పాత ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు సంపాదించండి. 1ఎలో మాత్రికలు, 1బిలో అవకలనం (డిఫరెన్షియేషన్), 2ఎలో సంభావ్యత (ప్రాబబిలిటీ), 2బిలో సమాకలనం (ఇంటిగ్రేషన్) చేయండి. మిగతావి వదిలేయవచ్చు. రోజుకు గంటన్నర చొప్పున ఏడాది కూర్చుంటే సీఈసీ విద్యార్థికి ఇది అందని పనేం కాదు. టెన్షన్ పడేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది మొదటి రెండు నెలల్లోనే.

దీంతోపాటు ఇంకో పని మొదలుపెట్టండి. ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ పత్రాలు ఐదేళ్లవి డౌన్‌లోడ్ చేసుకోండి. మన రాష్ట్రానికి వచ్చే రెవెన్యూ రాబడిలో వడ్డీలకు ఎంత పోతోంది, తెచ్చిన అప్పులో ఎంత మూలధన వ్యయానికి (రోడ్లు, ప్రాజెక్టుల లాంటివాటికి) వెళ్లింది, ఎంత రెవెన్యూ లోటు (రోజువారీ ఖర్చులకు రాబడి చాలని మొత్తం) పూడ్చడానికి పోయింది అనేవి ఏటా ఎక్సెల్‌లో వేయండి. బడ్జెట్ అంచనాలతో ఆగొద్దు. సవరించిన అంచనాలు, ఆ తర్వాత వచ్చే వాస్తవ లెక్కలు పక్కపక్కన పెట్టండి. మూడూ ఎంత దూరంగా ఉంటాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆర్‌బీఐ ఏటా రాష్ట్రాల బడ్జెట్ల మీద వేసే అధ్యయనంతో మీ లెక్క సరిపోల్చుకోండి. ఈ పని విసుగనిపిస్తే, ఈ రంగం మీకు కాదని ఇప్పుడే తెలిసిపోతుంది. రాత్రి భోజనానికి పిలిచినా లేవబుద్ధి కాకపోతే పీజీకి వెళ్లండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ఆ ఎక్సెల్ షీటే ఎక్కువ మాట్లాడిస్తుంది.

ఇంట్లోవాళ్ల మాట కొట్టిపారేయకండి, వాళ్లు కోరేది మీకు స్థిరమైన జీతం. ఎంఏ ఎకనామిక్స్ చేస్తే టీచింగ్ దారి మూసుకుపోదని చెప్పండి. పీజీతో జూనియర్ లెక్చరర్, నెట్ లేదా సెట్‌తో డిగ్రీ లెక్చరర్ పోస్టులకు అర్హత వస్తుంది. బీఈడీ కావాలంటే ఆ తర్వాతైనా చేయవచ్చు. ఫీజు ఇబ్బంది అయితే ముందు సెంట్రల్ యూనివర్సిటీలకే ప్రయత్నించండి, వాటి ఉమ్మడి ఎంట్రన్స్ అయిన సీయూఈటీ పీజీ దరఖాస్తు గడువు తప్పిపోకుండా చూసుకోండి.