అగ్రికల్చర్ చదివి సైకాలజీకి వెళ్తే నాలుగేళ్లూ వృథాయేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడాది చదువుతోంది. రాత్రింబవళ్లు చదివి ఈఏపీసెట్‌లో ర్యాంకు తెచ్చుకుంది. ఇప్పుడు పీజీ మాత్రం సైకాలజీలోనే చేస్తానంటోంది. నిలకడ లేదేమోనని భయంగా ఉంది. ఇన్నాళ్ల చదువు బూడిదలో పోసినట్టేనా?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: నమస్కారమండీ. మీ టెన్షన్ నాకు అర్థమైంది. మీ ప్రశ్న చదవగానే కార్ల్ రోజర్స్ గుర్తొచ్చారు. మేం చేసే కౌన్సెలింగ్‌కు ఈ రూపం తెచ్చినవాళ్లలో ముందు వరుసలో ఉండే అమెరికన్ సైకాలజిస్టు ఆయన. ఆయన కూడా కాలేజీలో మొదట చేరింది అగ్రికల్చర్‌లోనే.

షికాగో శివారులోని ఓక్ పార్క్‌లో 1902లో పుట్టారు. ఆయనకు పన్నెండేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ పొలానికి మకాం మార్చారు. సేద్యం శాస్త్రీయంగా చేయాలని తండ్రి పట్టుదల. పశువుల మేత గురించిన ఒక లావుపాటి పుస్తకం ఆ ఇంట్లో ఉండేది. పద్నాలుగేళ్ల పిల్లాడు చదివే పుస్తకం కాదది. అయినా వందల పేజీలు పట్టుబట్టి చదివేశారు. ఒక మేత వల్ల పాలు పెరిగాయో లేదో తేలాలంటే, ఆ మేత వేయని పశువులను కూడా పక్కన పెట్టి పోల్చాలన్న సంగతి ఆయనకు అక్కడే తెలిసింది.

విస్కాన్సిన్ యూనివర్సిటీలో అగ్రికల్చర్‌లో చేరాక, మతబోధకుడు కావాలనిపించి చరిత్రకు మారారు. 1922లో క్రైస్తవ విద్యార్థుల సదస్సుకని చైనా వెళ్లి నెలల తరబడి తిరిగారు. 1924లో డిగ్రీ పూర్తయ్యాక న్యూయార్క్‌లో మత విద్యకు చేరారు. రెండేళ్లకల్లా అదీ వదిలేసి, రోడ్డు దాటితే వచ్చే కొలంబియా టీచర్స్ కాలేజీలో సైకాలజీ పట్టుకున్నారు. పీహెచ్‌డీ 1931లో వచ్చింది. మీ అమ్మాయి ఒక్కసారి మారతానంటోంది. ఆయన మూడుసార్లు మారారు.

అసలు చదువు మాత్రం ఉద్యోగంలోనే జరిగింది. 1928 నుంచి పన్నెండేళ్లు రోచెస్టర్‌లో, ఇబ్బందుల్లో ఉన్న పిల్లలకు సాయం చేసే సంస్థలో పనిచేశారు. అల్లరి ఆగని ఒక అబ్బాయి తల్లితో వారాల తరబడి మాట్లాడారు. తప్పు ఆమె పెంపకంలోనే ఉందని నెమ్మదిగా నచ్చజెప్పాలని చూశారు. ఫలితం లేదు. ఇక ఆపేద్దామంటే ఆమె సరేనంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ ఇస్తారా అని అడిగింది. మళ్లీ కూర్చుని తన కాపురంలోని బాధంతా వెళ్లబోసుకుంది. నొప్పి ఎక్కడుందో నొప్పి పడేవాళ్లకే తెలుస్తుందని ఆ రోజు తనకు తెలిసొచ్చిందని రోజర్స్ తర్వాత రాసుకున్నారు. ఈ వృత్తిలోకి వస్తామనే పిల్లలందరికీ నేను ఈ కథే చెబుతాను.

1940లో ఒహాయో స్టేట్‌లో ప్రొఫెసర్ అయ్యారు. కౌన్సెలింగ్ గదిలో జరిగే మాటలను రికార్డు చేసి మరీ పరిశీలించడం మొదలుపెట్టారు. 1945లో షికాగో యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం చేసిన పరిశోధన 1954లో పుస్తకంగా వచ్చింది. కౌన్సెలింగ్ పొందినవాళ్లను, పొందనివాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చిన పరిశోధన అది. చిన్నప్పుడు పశువుల మేత పుస్తకంలో నేర్చుకున్న పద్ధతే కదండీ! మీ అమ్మాయి కాలేజీ పొలంలో మందు వేసిన మడి పక్కన వేయని మడి ఉంచి, దిగుబడి లెక్కలు రాసుకుంటోంది. సైకాలజీ పీజీలో చాలామంది పిల్లలు భయపడేది ఆ స్టాటిస్టిక్స్‌కే. అది ఆమెకు ఇప్పటికే చేతికొచ్చిన విద్య. గ్రామీణ సామాజిక శాస్త్రం, విద్యా మనోవిజ్ఞానం కూడా ఆమె పాఠాల్లో ఉన్నవే.

అయితే ఒక మాట. రోజర్స్‌కు దొరికినంత తేలికగా ఇక్కడ దారి దొరకదు. సైకాలజీ పీజీకి ఏ డిగ్రీవాళ్లు అర్హులో ప్రతి యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో విడిగా చూసుకోవాలి. ఇగ్నో దూరవిద్య ఎంఏకు ఒకప్పుడు ఏ డిగ్రీ అయినా సరిపోయేది, కానీ 2025లో సైకాలజీకి దూరవిద్య ప్రవేశాలు ఆపేయమని యూజీసీ చెప్పింది. పైగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఎంఏ ఒక్కటే చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ, ఆ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈ కోర్సులు, నియమాలు మారుతున్నాయి కాబట్టి ఫీజు కట్టేముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు ఉందో లేదో చూడండి. సీట్లు తక్కువ. డిగ్రీ తర్వాత మరో నాలుగేళ్లయినా పడుతుందనుకుని ఖర్చు లెక్క వేసుకోండి.

మనుషులతో పనిచేయడమే ఆమెకు ఇష్టమైతే, అగ్రికల్చర్‌లోనే ఎక్స్‌టెన్షన్ పీజీ ఉంది. రైతు ఎందుకు ఒక సలహా వింటాడు, ఎందుకు వినడు అన్నదే అందులో చదువు. ఆ దారి సంగతీ ఇంట్లో చర్చకు పెట్టండి.

తొందరపడి ఇప్పుడే తేల్చేయకండి. నాలుగో ఏడాదిలో ఆమె రావెప్ కింద, అంటే కోర్సులో భాగమైన గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద, పల్లెలో రైతుల మధ్య ఉండాలి. అప్పు గురించో, పోయిన పంట గురించో ఒక రైతు గంటసేపు చెబుతుంటే అడ్డు రాకుండా వినగలుగుతోందా, విన్నాక ఇంకా వినాలనిపిస్తోందా అన్నది ఆమెనే రోజూ నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఆ పుస్తకంతో మీరిద్దరూ నా దగ్గరికి రండి.