అడగండి, చెబుతాం: అబోమే కోటలు

ప్రశ్న: మా అబ్బాయి బెనిన్ దేశంలో, కొటొనూలో ఉద్యోగం చేస్తున్నాడు. అబోమే రాజుల కోటలు ఒక్కరోజులో గైడుతో చూపిస్తానంటున్నాడు. ‘మట్టి గోడలు చూడటానికి అంత దూరమా’ అంటారు మావారు. వెళ్ళమంటారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వెళ్ళిరండమ్మా, మీవారిని కూడా లాక్కెళ్ళండి. మట్టి గోడలే, కాదనను. కానీ వాటిమీద రంగులద్దిన బొమ్మల్లోనే అబోమే రాజధానిగా ఏలిన దహోమే రాజుల చరిత్రంతా ఉంది. వాళ్ళ సైన్యంలో ఆడవాళ్ళ దళమే ఉండేది. గెజో రాజు గుర్తు చిల్లుల కుండ: అందరూ తలో వేలు అడ్డుపెడితే నీళ్ళు నిలుస్తాయని. ఆయన సింహాసనం మాత్రం శత్రువుల పుర్రెల మీద! గైడు లేకపోతే ఇవన్నీ ఉత్త బొమ్మలే.

1892లో ఫ్రెంచివాళ్ళు వస్తుంటే బెహాన్జిన్ రాజు కోటకు తానే నిప్పు పెట్టించాడు. వాళ్ళు పట్టుకుపోయినవాటిలో 26 వస్తువులు 2021లో తిరిగొచ్చాయి. మన అమరావతి శిల్పాలు ఇంకా లండన్‌లోనే ఉన్నాయి, అది వేరే కడుపుమంట.

కొటొనూ నుంచి సుమారు 140 కిలోమీటర్లు, తెల్లారకముందే బయల్దేరండి. మ్యూజియం తెరిచి ఉందో లేదో అబ్బాయిని ముందే కనుక్కోమనండి. గైడుకు ఫ్రెంచి ఒక్కటే వస్తే మీకు తిప్పలు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి, ఆ కార్డు తిరిగొచ్చేటప్పుడు ఇక్కడి ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు.