విదేశీ వైద్యానికి 2.5 లక్షల డాలర్లకు మించి పంపవచ్చా?

పంపవచ్చు, దానికి రిజర్వ్ బ్యాంకు నుంచి ప్రత్యేక అనుమతి కూడా అక్కర్లేదు. ఒక ఆర్థిక సంవత్సరంలో (ఏప్రిల్ నుంచి మార్చి) ఒక వ్యక్తి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపుకోవచ్చన్నది సాధారణ పరిమితి. వైద్యం ఖర్చు మన చేతిలో ఉండదు కాబట్టి ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల్లోనే దానికి వెసులుబాటు ఇచ్చారు. పరిమితి లోపల అయితే ఆసుపత్రి అంచనా పత్రం చూపాల్సిన పనిలేదు. దాటితే మాత్రం ఇక్కడి డాక్టరు గానీ, అక్కడి ఆసుపత్రి గానీ ఇచ్చిన ఎస్టిమేట్ కావాలి. దాని ఆధారంగా మీ బ్యాంకే డబ్బు పంపుతుంది.

ఉదాహరణకు, అమెరికాలోని ఆసుపత్రి ఒక క్యాన్సర్ చికిత్సకు 4 లక్షల డాలర్లు అవుతుందని రాసిచ్చిందనుకోండి. పాన్ కార్డు, ఫారం ఏ2 (విదేశాలకు డబ్బు పంపేందుకు నింపే దరఖాస్తు), ఆ ఎస్టిమేట్ బ్యాంకులో ఇస్తే మొత్తం పంపవచ్చు. ఫారంలో కారణం దగ్గర ‘వైద్య చికిత్స’ అనే ఉండాలి. తొందరలో చాలామంది చూసుకోనిది ఇదే. రోగికి తోడుగా వెళ్లేవారికి విడిగా 2,50,000 డాలర్ల వరకు అవకాశం ఉంది.

పెద్ద మొత్తం పంపేటప్పుడు బ్యాంకు పట్టుకునే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) ఇక పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. అది అదనపు పన్ను కాదు. రిటర్న్ వేసినప్పుడు మీరు కట్టాల్సిన ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే రీఫండ్ వస్తుంది.