సోనీ ప్లేస్టేషన్ 3 (పీఎస్3) అంత పవర్‌ఫుల్ కదా, మరి బయటి గేమ్ కంపెనీలు దాన్ని చూసి ఎందుకు విసుక్కున్నాయి?

ప్రశ్న అడిగినాయన కింద ఇంకో మాట చేర్చారు: కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేము మెషీన్) లోపల ఏ చిప్పు పెట్టారన్నదాన్ని బట్టి గేములు రావడం, రాకపోవడం ఉంటుందా అని. ఉంటుంది. నేను పదకొండేళ్లుగా పోర్టింగ్ పనిలో ఉన్నాను. ఎవరో పీసీ కోసం చేసుకున్న గేమును కన్సోల్‌లోకి ఎక్కిస్తే నాకు జీతం వస్తుంది. మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నేను ఆఫీసులో కూర్చుని ఆటలు ఆడతాననే అనుకుంటున్నారు. పెళ్లిళ్లలో కనబడితే "నీకేటమ్మా, హాయి" అంటారు.

మా దగ్గర మెషీన్ పవర్ ఎంతని ఎవరూ అడగరు. ఎన్ని రోజుల పని అని అడుగుతారు. ఆ రోజులకి జీతాలు ఎవరు కడతారన్నది రెండో ప్రశ్న. మూడోది లేదు.

2006లో వచ్చిన పీఎస్3 లోపల సెల్ అనే ప్రాసెసర్ ఉంది. ఒక పెద్ద కోర్ (లెక్కలు చేసే భాగం), దానికి తోడు గేములు వాడుకోవడానికి ఆరు చిన్న కోర్లు. కాగితం మీద అద్భుతం. కానీ ఆ చిన్న కోర్లకి ఒక్కోదానికి సొంత జాగా 256 కేబీ. అందులోకి ఏం రావాలో, ఎప్పుడు రావాలో, అయ్యాక ఎక్కడికి పోవాలో అన్నీ ప్రోగ్రామరే చూసుకోవాలి. మెమరీ కూడా అంతే. దానికి పోటీగా ఉన్న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360లో 512 ఎంబీ ఒకే చోట ఉంటే, పీఎస్3లో 256 ఒకవైపు, 256 ఇంకోవైపు. కూడితే ఒకటే కదా అనకండి. పెళ్లి వంటకి ఒక పెద్ద గుండిగ ఇవ్వడం వేరు, రెండు చిన్నవి ఇచ్చి దీంట్లో అన్నమే వండాలి, దాంట్లో పులుసే కాయాలి అనడం వేరు.

పైగా 2009లో సోనీ గేముల విభాగం పెద్ద కాజ్ హిరాయ్ ఒక మాట అన్నారు. సులువుగా ప్రోగ్రామ్ చేసుకునే మెషీన్ మేము ఇవ్వం, అలా ఇస్తే ఎవరైనా అంతా పిండేస్తారు, మిగతా తొమ్మిదిన్నరేళ్లు ఏం చేస్తారు అని దాని సారాంశం. సొంత టీములున్న ఆయనకి తొమ్మిదిన్నరేళ్లు ఉన్నాయి. మాకు డబ్బిచ్చేవాడు క్రిస్మస్ లోపల ఇమ్మంటాడు.

సరే, నా సంగతి చెప్తాను. 2020 లాక్‌డౌన్‌లో విజయనగరం వచ్చేశాను. ఆఫీసువాళ్లు పర్మిషన్లు తెచ్చి డెవ్ కిట్ (గేములు చేసేవాళ్లకి కన్సోల్ కంపెనీ ఇచ్చే ప్రత్యేక మెషీన్) ఇంటికి పంపించారు. ఏ కన్సోలో, ఏ గేమో చెప్పను, చెప్పనని సంతకం పెట్టాను. గేములో ఒక పాత బజారు వీధి ఉంది. రెండు వైపులా షాపులు, నలభై షాపులకి నలభై బోర్డులు. పీసీలో సుఖంగా నడిచింది. మా కిట్ మీద ఆ వీధి మొదట్లోకి వెళ్లగానే ఆగిపోయేది. మెమరీ 170 ఎంబీ ఎక్కువైంది.

బోర్డులే కొంప ముంచాయి. ఒక్కో బోర్డు బొమ్మ 2048 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు. కుదించి పెట్టినా ఒక్కోటి ఐదు ఎంబీ పైమాటే, నలభై కలిపితే రెండు వందలు దాటింది. సైజు సగానికి దించితే మెమరీ పావు వంతుకి దిగుతుంది, 160 దాకా మిగులుతుంది. అయినా ఇంకో పది తక్కువ. పైగా అక్షరాలు నీళ్లలో తడిసినట్టయ్యాయి, క్లయింట్ ఒప్పుకోలేదు. అందుకని ఆరు బోర్డులు పూర్తి సైజులోనే ఉంచి, వాటినే నలభై షాపులకీ తిప్పి తిప్పి తగిలించాను. ఈసారి వీధి చివరిదాకా నడిచింది. అర్ధరాత్రి దాటింది, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నాం.

మా నాన్న మంచినీళ్లకి లేచి వచ్చి నా వెనకాల నిలబడ్డారు. ఆయన ముప్పై ఏళ్లు బోర్డులు రాసిన మనిషి. ఒకప్పుడు గంటస్తంభం నుంచి కోట దాకా నడిస్తే, ఏ బోర్డు ఎవరి చెయ్యో చెప్పగలిగేవారు. స్క్రీన్ కేసి కాసేపు చూసి అన్నారు:

"ఇదేటే, ముగ్గురు వర్తకులికి ఒకే పేరు పెట్టీసినారు?"

"నీకు ఆ భాష రాదు కదా నాన్నా?"

"అచ్చరాలు రావు గానీ, మూడో అచ్చరం కింద రంగు కారింది సూడు. ఆ రెండు షాపులికీ అక్కడే కారింది. ముగ్గురు పెయింటర్లికి ఒకే చోట కారుతాదేటి?"

నిజమే. మా ఆర్టిస్టు ఎంతో ముచ్చటగా వేసిన రంగు మరక అది. నలభైలో ఒక్కటిగా ఉన్నప్పుడు అందం, ఏడుసార్లు కనబడితే దొంగతనం. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కూల్‌డ్రింక్ కంపెనీల బోర్డులు రాసేటప్పుడు బొమ్మ, రంగు అన్నీ ఒకటేనట, స్టెన్సిల్ పెట్టి వందల్లో కొట్టేసేవారట. పైన షాపు పేరు ఒక్కటీ చేత్తో రాసేవారట. "నేల ఒకటే ఉంచు, పేరు మార్చు" అన్నారు.

అదే చేశాం. ఆరు ఖాళీ బోర్డులు, అక్షరాలన్నీ కలిపి ఒక్క బొమ్మలో, రంగు మార్చడానికి షేడర్‌లో (తెరమీద రంగులు వేసే చిన్న ప్రోగ్రాములో) రెండు లైన్లు. దీనికి ముగ్గురు మనుషులం తొమ్మిది రోజులు కూర్చున్నాం. ఒక్క వీధికి. పీసీలో దీనికైన ఖర్చు సున్నా. ఆ గేములో ఇంకా ఓడరేవుంది, గుడి ఉంది, సంతుంది. ఇప్పుడు మీరే చెప్పండి, ఇంకో గేము చేసేటప్పుడు క్లయింట్ ఆ కన్సోల్ పేరు ఎత్తుతాడా? ఎత్తలేదు.

(ఫ్లెక్సీలు వచ్చాక మా నాన్న పని పోయింది. ఒక్క రాత్రిలో ప్రింటు, ఊరంతా అవే మొహాలు. దాని గురించి ఇక్కడ మొదలుపెడితే ఆపలేను.)

ఇది పాత కథే. "నింటెండో 64" అనే కన్సోల్ ఉన్న కాలంలో నింటెండో వాళ్లు క్యాసెట్ వదలమన్నారు. మన చిన్నప్పటి టీవీ గేములకి నోటితో ఊది పెట్టేవాళ్లం చూడండి, ఆ జాతి. అందులో పెద్దదైనా 64 ఎంబీ, సీడీలో దానికి పది రెట్లు పడుతుంది, తయారీ కూడా చవక. స్క్వేర్ కంపెనీ ఫైనల్ ఫాంటసీ 7 ను తీసుకుని ప్లేస్టేషన్‌కి వెళ్లిపోయింది. 1997లో వచ్చిన ఆ గేముకి మూడు సీడీలు పట్టాయి. క్యాసెట్‌లో ఎక్కడ పెడతారు? సెగా కంపెనీ తన సాటర్న్ కన్సోల్‌లో రెండు ప్రాసెసర్లు పెట్టింది, లోకమంతా త్రిభుజాలతో బొమ్మలు కడుతుంటే అది చతుర్భుజాలు అడిగింది. బయటివాళ్లు ప్లేస్టేషన్ వైపు నడిచారు.

ఇప్పుడెవరో ఒకరు పీఎస్2 ని పట్టుకొస్తారు, నాకు తెలుసు. అదీ ప్రోగ్రామర్ల ప్రాణం తీసిందే. కానీ 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది, అంత జనం ఉన్నచోటికి పళ్లు బిగబట్టుకునైనా వెళ్తారు. మన హైదరాబాద్‌లో హనుమంతుడి మీద చేసిన గేము కూడా 2009లో దానికే వచ్చింది. మరి నింటెండో వాళ్ల "వీ" (Wii) కన్సోల్? పది కోట్లు దాటింది, అయినా పెద్ద గేములు చాలావరకు అటు రాలేదు. దాని మెమరీ మొత్తం 88 ఎంబీ. ఎక్స్‌బాక్స్ 360కి చేసిన గేమును అందులోకి ఎక్కించడం కుదరదు, మళ్లీ మొదటి నుంచి కట్టాలి. పీఎస్2 కాలంలో పక్క మెషీన్లు మరీ అంత దూరంలో లేవు. అదీ తేడా. ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకండి.

సోనీకి బుద్ధొచ్చింది లెండి. పీఎస్4 చేసేముందు దాని డిజైన్ చూసిన మార్క్ సెర్నీ గేములు చేసేవాళ్లని అడిగితే, మెమరీ అంతా ఒకే చోట పెట్టండి అన్నదే అందరికన్నా గట్టిగా వినబడిందట. 2013లో 8 జీబీ ఒకే ముద్దగా వచ్చింది, ప్రాసెసర్ కూడా పీసీ జాతిదే. ఆ కిట్ మీద పని చేసిన రోజుల్లో నేను టైముకి భోంచేశాను.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు ఏ గేము పెట్టినా మా నాన్న వెనక కూర్చుని బోర్డులు లెక్కపెడుతున్నారు. మొన్న ఒకదాంట్లో ఒక్క వీధిలోనే పదకొండు వేరువేరుగా దొరికాయట.

"డబ్బున్నోళ్లు" అన్నారు.