టీబీ మాత్రలు వాడుతుండగా కాలేయాన్ని కనిపెట్టుకుని ఉండడం ఎలా?

ప్రశ్న: మా తమ్ముడికి 42 ఏళ్లు. ఊపిరితిత్తుల టీబీ అని తేలడంతో ఐదు వారాలుగా నాలుగు మందులు కలిసిన మాత్రలు వాడుతున్నాడు. వారం రోజుల నుంచి పొద్దున్నే కడుపులో తిప్పుతోందని, తిండి సయించడం లేదని అంటున్నాడు. మూత్రం మొదటి రోజు నుంచీ ఎర్రగానే వస్తోంది. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 96 (ల్యాబు ఇచ్చిన పై హద్దు 40), బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) 0.9 వచ్చాయి. మందులు మొదలుపెట్టే ముందు ఎస్‌జీపీటీ 28 మాత్రమే. ఇదివరకు మద్యం అలవాటు ఉండేది, ఇప్పుడు మానేశానంటాడు. మాత్రలు పది రోజులు ఆపి, లివర్ టానిక్ తాగించి మళ్లీ మొదలుపెట్టమని బంధువులు చెబుతున్నారు. ఆపమంటారా?

జవాబు: మీ అంతట మీరు ఆపవద్దు. అలాగని నిశ్చింతగా కూర్చోనూ వద్దు. ఈ రిపోర్టును ఒకటి రెండు రోజుల్లో వైద్యం చేస్తున్న డాక్టరుకు చూపించి, వారం తిరక్కుండా ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ పరీక్షలు మళ్లీ చేయించండి.

ఎందుకో చెబుతాను. ఆయన వాడే నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అనే మూడింటికీ కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంది, వాటిలో పైరజినమైడ్‌ది మొదటి స్థానం. నాలుగోదైన ఇథాంబ్యుటాల్ విషయంలో జాగ్రత్త పడవలసింది కంటిచూపు గురించే గాని కాలేయం గురించి కాదు. ఈ మందులు మొదలుపెట్టిన కొత్తలో ఎస్‌జీపీటీ కొద్దిగా పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. ఐసోనియాజిడ్ ఒక్కటే వాడేవారిలో కూడా పదిమందిలో ఒకరిద్దరికి ఇలా పెరిగి, మందు ఆపకపోయినా కాలేయం అలవాటుపడి అంకె దానంతట అదే దిగివస్తుంది. అందుకే వైద్యులు రెండు గీతలు గీసుకున్నారు: వాంతులు, కడుపునొప్పి, కామెర్లు వంటి లక్షణాలు ఉన్నవారిలో ఎస్‌జీపీటీ పై హద్దుకు మూడు రెట్లు దాటినా, ఏ లక్షణమూ లేనివారిలో ఐదు రెట్లు దాటినా కాలేయానికి హాని చేసే మందులన్నిటినీ వెంటనే ఆపుతారు. మీ తమ్ముడి ల్యాబు లెక్కలో ఆ గీతలు 120, 200. ఆయన అంకె 96, అంటే రెండున్నర రెట్ల లోపే. కాకపోతే కడుపులో తిప్పడం అనే లక్షణం ఉంది కాబట్టి ఆయనకు వర్తించేది 120 గీత, అది ఎంతో దూరంలో లేదు. వారంలోపు మళ్లీ పరీక్ష అన్నది అందుకే.

మూత్రం ఎరుపు గురించి మీరు భయపడనక్కరలేదు. అది రిఫాంపిసిన్ రంగు. చెమటకూ కన్నీటికీ కూడా అంటుతుంది, మెత్తని కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారికి వాటి మీద మరక పడుతుంది. మందులు ఇచ్చిన రోజే ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఎన్నో ఇళ్లలో కంగారు తప్పేది. చెప్పకపోవడం మా వైద్యుల లోపమే. అయితే మూత్రం ఎలాగూ రంగు మారి ఉంటుంది కాబట్టి, కామెర్లు వచ్చాయో లేదో దాన్ని చూసి పోల్చుకోవడం కష్టం. కంటినే చూడాలి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర నిలబెట్టి, కింది చూపు చూడమని పై రెప్పను వేలితో పైకెత్తితే నల్లగుడ్డుకు పైన ఉండే తెల్లభాగం పూర్తిగా కనబడుతుంది. పసుపు ఛాయ ఉంటే అక్కడ ముందు తెలుస్తుంది. రాత్రి దీపాల వెలుగులో చూసి తేల్చుకోవద్దు.

కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, కుడివైపు డొక్క కింద నొప్పి వచ్చినా, లేవలేనంత నీరసం కమ్మినా, ఒళ్లంతా దురద పుట్టినా మరుసటి మోతాదు వేసుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మతి తప్పి మాట్లాడడం, పగలంతా మగతగా ఉండడం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. ఈ పరిస్థితుల్లో ఆపడం వేరు, బంధువులు చెప్పినట్టు పది రోజుల విరామం ఇవ్వడం వేరు. వైద్యుడు ఆపినప్పుడు హెపటైటిస్ వైరస్‌ల పరీక్షలు చేయించి, అవసరమైతే ఈలోపు కాలేయానికి అంతగా భారం కాని ఇతర టీబీ మందులు ఇచ్చి, ఎస్‌జీపీటీ పై హద్దుకు రెండు రెట్ల లోపుకు దిగాక అసలు మందులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతాడు. మామూలుగా ముందు రిఫాంపిసిన్, కొన్ని రోజుల తర్వాత రక్తపరీక్ష చూసి ఐసోనియాజిడ్ ఇస్తారు. కామెర్లు తీవ్రంగా వచ్చినవారికి పైరజినమైడ్ జోలికి మళ్లీ వెళ్లరు. అప్పుడు ఆరు నెలల చికిత్స సాధారణంగా తొమ్మిది నెలలవుతుంది. నాలుగూ కలిసిన మాత్రనే ఇంట్లో ఆపి, ఇంట్లోనే మొదలుపెడితే హాని చేసిన మందు ఏదో ఎవరికీ తెలియదు, పైగా మందులకు లొంగని టీబీకి దారి ఏర్పడుతుంది.

ఇక మద్యం. మానేశానని ఆయన అన్నారు గాని, మీరు రాసిన తీరు చూస్తే మీకే పూర్తి నమ్మకం కుదిరినట్టు లేదు. చికిత్స సాగినన్నాళ్లూ ఒక్క చుక్క కూడా వద్దు. ఈ విషయం నిందించడానికి కాక, ఎన్ని రోజులకొకసారి రక్తపరీక్ష చేయాలో నిర్ణయించడానికి డాక్టరుకు కావాలి. కాబట్టి దాచకుండా చెప్పమనండి.

ప్రశ్న: టీబీ మందుల వేడి కాలేయానికి తగలకుండా మా అమ్మ రోజూ మూలికల కషాయం ఇస్తోంది, కారం, నూనె పూర్తిగా మాన్పించింది. మందుల షాపులో లివర్ టానిక్ కూడా కొన్నాం. ఇవి పనిచేస్తాయా?

జవాబు: టీబీ మందుల వల్ల కలిగే హానిని ముందే ఆపుతుందని గట్టిగా రుజువై, అందరికీ ఇవ్వదగినదిగా నిలబడిన టానిక్ ఏదీ లేదు. సిలిమారిన్ అనే వృక్షసంబంధమైన మందు మీద జరిగిన అధ్యయనాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. మూలికల్లో కొన్ని తామే కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అలాంటప్పుడు ఎస్‌జీపీటీ పెరిగితే తప్పు మాత్రదో, కషాయానిదో తేల్చలేక అవసరమైన మందునే ఆపవలసి వస్తుంది. అమ్మగారి ఆదుర్దా అర్థమవుతుంది, కానీ కషాయం ఆపించండి. టీబీ మాత్రలతో పాటు ఇచ్చే బీ6 విటమిన్ కూడా కాలేయం కోసం కాదు, ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు రాకుండా నరాలను కాపాడడం కోసం.

పథ్యం మాట ఇంకా ముఖ్యం. పోషకాహారం లేక చిక్కిన శరీరంలోనే ఈ మందుల హాని ఎక్కువ కాబట్టి, కాలేయానికి మేలనుకుని కడుపు మాడ్చడం ఎదురు ఫలితమే ఇస్తుంది. సయించినంతవరకు అన్నీ కడుపునిండా తినండి. జ్వరానికీ ఒళ్లునొప్పులకూ వేసుకునే పారాసెటమాల్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. జలుబు మాత్రల్లో కూడా అది కలిసి ఉంటుంది గనుక తెలియకుండానే రెండింతలు పడిపోతుంది. డాక్టరును అడగకుండా రోజూ వాడవద్దు.

ప్రశ్న: టీబీ మందుల వల్ల నిరుడు కామెర్లు వచ్చి తగ్గాయి, చికిత్స కూడా పూర్తయింది. నా కాలేయం శాశ్వతంగా పాడైనట్టేనా?

జవాబు: మందును సకాలంలో ఆపినవారిలో ఎక్కువమందికి కొన్ని వారాల్లోనే కాలేయం పూర్తిగా కోలుకుంటుంది. ఒకసారి ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ చూపించుకోండి. మామూలుగా ఉంటే ఆ భయం వదిలేయవచ్చు. అప్పట్లో ఏ మందు పడలేదని డాక్టరు తేల్చారో దాని పేరు, తేదీ, అప్పటి ఎస్‌జీపీటీ అంకె ఒక కాగితం మీద రాయించుకుని పాత రిపోర్టులతో కలిపి ఉంచండి.